పక్కింటి వానం, మన ఇంటి గోడ: ఉమ్మడి గోడ గురించి తెలుసుకోవలసినవి

వత్రాప్‌లోనూ, పక్కనున్న పుదుప్పట్టి, కూమాపట్టి, సుందరపాండియంలోనూ, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు పల్లెల్లోనూ మన వాళ్ళ పాత వీధులు చూస్తే ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. తాతల కాలంలో ఒకే ఇల్లుగా ఉన్నది అన్నదమ్ముల పంపకంలో రెండైంది, మూడైంది. నడుమ ఉన్న గోడ ఇద్దరిదీ అయింది. ఆ గోడ మీద ఇటు దూలం ఒకరిది, అటు దూలం ఇంకొకరిది. మూడు తరాలుగా ఎవరూ దాని గురించి మాట్లాడలేదు, మాట్లాడే అవసరం రాలేదు.

ఇప్పుడు అవసరం వస్తోంది. చెన్నైలోనో కోయంబత్తూరులోనో గల్ఫులోనో సంపాదించిన పిల్లలు పాత పెంకుటిల్లు పడగొట్టి కాంక్రీటు ఇల్లు కడుతున్నారు. పక్క వాటాలో చాలాచోట్ల పెద్దవాళ్ళు మాత్రమే ఉంటారు. జేసీబీ వచ్చి వానం తవ్విన రోజున వాళ్ళ గోడలో వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. వారం తిరిగేసరికి అందులో వేలు పడుతుంది. ఆ తరువాత మొదలయ్యే తగవు పెళ్ళిళ్ళకీ చావులకీ కూడా రాకపోకలు లేని దాకా పోతుంది. ఇలా జరగకుండా ముందే ఏం చేయాలి, జరిగితే ఏం చేయాలి అన్నది ఇక్కడ వివరంగా చెబుతున్నాం. కట్టేవాళ్ళకీ పక్కన ఉండేవాళ్ళకీ ఇద్దరికీ ఇది పనికొస్తుంది.

ముందు: ఆ గోడ ఎవరిది?

అందరూ ఉమ్మడి గోడ అనే అంటారు గాని, చట్టం దృష్టిలో అది ఒకే రకం కాదు. 1880లో ఇంగ్లండులో వాట్సన్, గ్రే అనే ఇద్దరి వ్యాజ్యంలో జడ్జి ఈ మాటకి నాలుగు అర్థాలు విడదీసి చెప్పారు. మన కోర్టుల్లోనూ న్యాయవాదులు ఆ విభజననే ఎత్తి చూపుతుంటారు. ఒకటి, గోడ మొత్తం ఇద్దరికీ విడదీయకుండా ఉమ్మడి ఆస్తి. రెండు, గోడని నిలువునా చీల్చినట్టు సగం ఒకరిది, సగం ఇంకొకరిది. మూడు, గోడ పూర్తిగా ఒకరిదే గాని దాన్ని రెండిళ్ళ నడిమి గోడగా నిలిపి ఉంచమనే హక్కు రెండోవారికి ఉంది. నాలుగు, చెరి సగం సొంతమై ఒకరి సగానికి ఇంకొకరి సగం ఆసరా ఇచ్చే బాధ్యత కూడా ఉంది.

మీది ఏ రకమో తెలియాలంటే మొదట పత్రం తీయాలి. మన పత్రాలన్నీ తమిళంలో ఉంటాయి కాబట్టి వెతకవలసిన మాటలు కూడా తమిళ మాటలే. పాగప్పిరివినై పత్రంలోనూ కిరయ పత్రంలోనూ నాలుగెల్లలు చెప్పే చోట ‘పొదుచ్చువర్’ అని రాసి ఉందా, ‘ఇవరుడైయ సొంద చువర్’ అని ఉందా, లేక ‘చువరుక్కు మేర్కు’ అని గోడనే హద్దుగా చెప్పారా చూడండి. కొలతలు గోడ లోపలి ముఖం నుంచి ఇచ్చారా, నడిమి నుంచి ఇచ్చారా అన్నది కూడా ముఖ్యం. మీ పత్రం ఒకటే చూస్తే చాలదు. పక్కింటివారి పత్రంతో కలిపి చూస్తేనే సంగతి తేలుతుంది. దాని నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోవచ్చు.

నత్తం స్థలాల్లో పత్రమే లేని ఇళ్ళు చాలా ఉన్నాయి. పట్టా, కొలతల పటం చూసుకోవాలి. హద్దు తేలకపోతే తాలూకా ఆఫీసులో రుసుము కట్టి సర్వేయరు చేత కొలిపించుకోవచ్చు. ఈ కొలతలకి ఆధారం 1923 నాటి సర్వే, హద్దుల చట్టం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సర్వేయరు స్థలం హద్దు చెబుతాడు గాని గోడ మీద ఎవరికి ఏ హక్కు ఉందో తేల్చడు. అది తేల్చవలసింది సివిల్ కోర్టు.

కాగితాలు మౌనంగా ఉంటే గోడే కొంత చెబుతుంది. దూలాల కొసలు రెండు వైపుల నుంచీ గోడలోకి దిగాయా? గోడ నెత్తిన సున్నపు వాలు ఒకవైపే ఉందా, రెండు వైపులా ఉందా? దీపపు గూళ్ళు ఎవరి వైపు ఉన్నాయి? వాన నీళ్ళు ఎవరి చూరు నుంచి ఎటు పడుతున్నాయి? వీటన్నిటినీ పడగొట్టక ముందే ఫొటో తీసి ఉంచాలి. పడగొట్టాక ఆ సాక్ష్యం మళ్ళీ దొరకదు.

మనకి ప్రత్యేక చట్టం ఉందా?

ఇంగ్లండులో, వేల్స్‌లో ఉంది. 1996లో చేసి 1997 జూలైలో అమల్లోకి తెచ్చిన ఉమ్మడి గోడల చట్టం ప్రకారం అక్కడ గోడ మీద పని చేయాలంటే పక్కవారికి 2 నెలల ముందు, 3 మీటర్ల లోపల వాళ్ళ పునాది కంటే లోతుగా తవ్వాలంటే 1 నెల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. పక్కవారు 14 రోజుల్లో ఒప్పుకోకపోతే సర్వేయర్లు కూర్చుని పని ఎలా చేయాలో, ఖర్చు ఎవరిదో రాసిస్తారు. లండనులో ఉన్న మన పిల్లలు ఇల్లు పెద్దది చేసుకునేటప్పుడు ఈ కాగితాలే నింపుతుంటారు.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. అందుకని పక్కవాడికి హక్కు లేదని అనుకోవడం పొరపాటు. 1882 జూలై 1 నుంచి మద్రాసు రాజధానిలో అమల్లో ఉన్న ఈజ్‌మెంట్ల చట్టమే ఇక్కడ దిక్కు. అందులో మనకి కావలసినవి నాలుగు మాటలు.

మొదటిది, 7వ సెక్షను. ఎవరి నేలకైనా పక్క నేల ఇచ్చే సహజమైన ఆసరా పొందే హక్కు ఉంది. పక్కవాడు తవ్వి ఆ ఆసరా తీసేయడానికి లేదు. ఇది ఖాళీ స్థలానికి పుట్టుకతోనే ఉండే హక్కు.

రెండోది, 15వ సెక్షను. నేల మీద ఇల్లు కట్టినప్పుడు ఆ బరువుకి కూడా పక్క నేల ఆసరా కావాలంటే, 20 ఏళ్ళు ఎవరి అడ్డూ లేకుండా ఆ ఆసరా పొంది ఉండాలి. మన పాత ఇళ్ళకి 20 ఏళ్ళు ఎప్పుడో దాటాయి. అయితే ఆ 20 ఏళ్ళు దావా వేసే రోజుకి ముందు 2 ఏళ్ళ లోపల ముగిసి ఉండాలని అదే సెక్షను చెబుతుంది. అంటే ఆసరా పోయిన తరువాత ఏళ్ళ తరబడి ఊరుకుంటే హక్కే చేజారవచ్చు.

మూడోది, 13వ సెక్షను. అన్నదమ్ముల పంపకంతో విడిపోయిన ఇళ్ళకి ఇది చాలా ముఖ్యం. పంపకం రోజున ఒక వాటా ఎలా అనుభవంలో ఉందో అలాగే ఉండడానికి రెండో వాటా గోడ ఆసరా అవసరమై, అది కంటికి కనిపించేదీ ఎడతెగనిదీ అయితే, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప ఆ హక్కు పంపకంతోనే వస్తుంది. దీనికి 20 ఏళ్ళు నిండనక్కర లేదు.

నాలుగోది, 34, 35 సెక్షన్లు. ఆసరా తీసేసినంత మాత్రాన నష్టపరిహారం రాదు. చెప్పుకోదగ్గ నష్టం నిజంగా జరిగినప్పుడే దానికి దావా పుడుతుంది. కాని జరగబోయే పని వల్ల హక్కుకి తప్పకుండా భంగం కలుగుతుందని చూపగలిగితే, నష్టం జరిగే దాకా ఆగకుండా ముందే నిషేధపు ఉత్తర్వు అడగవచ్చు.

‘కాంట్రాక్టరు చేశాడు, నాకేం తెలుసు’

కట్టేవాళ్ళ నోట ఎక్కువగా వినిపించే మాట ఇది. కోర్టులో ఇది నిలవదు. ఆసరా తీసే ప్రమాదం ఉన్న తవ్వకం చేయించినవాడు ఆ పని కాంట్రాక్టరుకి అప్పగించినా బాధ్యత తప్పించుకోలేడని 1876లో బోవర్, పీట్ వ్యాజ్యంలో తేల్చారు. 1881లో డాల్టన్, ఆంగస్ వ్యాజ్యంలో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా అదే దారిలో నడిచింది. ఇంటి యజమాని తరువాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. పక్కింటివారికి మాత్రం తనే జవాబు చెప్పాలి. అందుకని కొత్తనారుతోనో ఇంజనీరుతోనో ఒప్పందం రాసుకునేటప్పుడే పక్కింటి నష్టం ఎవరు భరించాలో రాయించుకోండి.

రెండో మాట, ‘టౌన్ పంచాయతీ ప్లాను ఇచ్చింది కదా’. ప్లాను అనుమతి కట్టడం నిబంధనల ప్రకారం ఉందని చెబుతుందే గాని, పక్కవాడి గోడ మీద హక్కు ఇవ్వదు. పైగా 2024 జూలై నుంచి తమిళనాడులో 2500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3500 చదరపు అడుగుల లోపు ఇంటికి సొంత ధ్రువీకరణతో ఆన్‌లైనులో వెంటనే అనుమతి వస్తోంది. ముందుగా ఎవరూ వచ్చి స్థలం చూడరు. మన వీధుల్లోని ఇళ్ళు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. అంటే పక్కన పాత మట్టి గోడ ఉందన్న సంగతి ఆఫీసుకి తెలియదు. అది తెలిసినవాళ్ళు కట్టేవాళ్ళూ, పక్కవాళ్ళూ మాత్రమే.

గోడ ఎందుకు పగులుతుంది?

పాత గోడలు చాలావరకు మట్టితోనో సున్నంతోనో కట్టినవి. వాటి పునాది లోతు చాలాచోట్ల రెండు మూడు అడుగులకి మించదు. కొత్త కాంక్రీటు స్తంభానికి ఐదారు అడుగుల గుంత తీస్తారు. పాత పునాది అడుగు కంటే లోతుగా, దాని పక్కనే తవ్వితే కింది మట్టి గుంతలోకి జారుతుంది, గోడ కుంగుతుంది. పునాది అడుగు నుంచి 45 డిగ్రీల వాలుగా కిందికి గీత గీసి, తవ్వకం ఆ గీతని దాటితే ప్రమాదమని ఇంజనీర్లు లెక్క వేస్తారు.

రెండో కారణం పడగొట్టడం. ఇటు ఇంటి దూలాలూ అడ్డ గోడలూ ఇన్నాళ్ళు నడిమి గోడని నిలబెట్టాయి. వాటిని తీసేస్తే గోడ ఒంటరిదవుతుంది. అంతవరకు ఇంటి లోపల ఉన్న ముఖం బయట పడి వానకి తడుస్తుంది. మట్టి గోడకి ఇంతకంటే చేటు లేదు.

మూడోది నేల. కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గుంత తెరిచి ఉంచి అందులో నీళ్ళు నిలవనిస్తే చుట్టూ ఉన్న పునాదులన్నీ కదులుతాయి. మన వైపు పెద్ద వానలు ఐప్పసి, కార్తీక మాసాల్లో ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. వానం తవ్వే పని వీలైతే పొంగలి తరువాత పెట్టుకోవడం మేలు.

ఇది పగుళ్ళతో పోయే విషయం కాదు. 2019 డిసెంబరు 2న తెల్లవారకముందే మేట్టుపాళయం దగ్గర నడూరులో పక్క స్థలపు రాతి ప్రహరీ గోడ వానకి కూలి ఇళ్ళ మీద పడి 17 మంది నిద్రలోనే పోయారు. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంత తవ్వగా కాపురాలున్న ఒక భవనం పక్కకి ఒరిగింది. జనాన్ని ఖాళీ చేయించి ఆ భవనాన్ని అధికారులే కూల్చవలసి వచ్చింది.

పని మొదలు పెట్టే ముందు

కట్టేవాళ్ళు మొదట చేయవలసింది పక్కింటికి వెళ్ళి చెప్పడం. ‘పెద్దనాయనా, చిత్తిరై లోపల పని ఎత్తుకోవాలని ఉంది, నడిమి గోడ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం’ అంటే సగం తగవు పుట్టదు. చట్టం అడగకపోయినా ఆ మాటని కాగితం మీద పెట్టాలి. నెల ముందు ఇస్తే మంచిది. ఇలా రాయవచ్చు:

‘మా వాటాలోని పాత ఇల్లు తీసి కొత్తది కట్టబోతున్నాం. పడగొట్టడం ఈ తేదీన, వానం తవ్వడం ఈ తేదీన మొదలవుతుంది. గుంతల లోతు ఇంత, మన నడిమి గోడకి దూరం ఇంత. పని చూసే ఇంజనీరు పేరు, ఫోను నంబరు ఇవి. పనికి ముందు మీ ఇంటి గోడలు ఇద్దరం కలిసి చూసి ఫొటోలు తీసుకుందాం. మా పని వల్ల మీ ఇంటికి నష్టం వస్తే మా ఖర్చుతో బాగుచేయిస్తాం.’

ఊళ్ళో సాక్షులకీ ఆఫీసులకీ పనికిరావాలంటే ఇది తమిళంలో కూడా ఉండాలి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. మొహమాటంగా ఉంటే రిజిస్టరు పోస్టులో పంపండి.

కలిసి చూడడం ఇద్దరికీ రక్ష. పాత పగుళ్ళని ఫొటో తీసి, పగులు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయాలి. పగులు మీద చిన్న గాజు ముక్క సిమెంటుతో అతికిస్తే, గోడ కదిలిన రోజున అది విరిగి చెబుతుంది. ఏది పాతదో ఏది కొత్తదో అప్పుడు వాదన ఉండదు. కట్టేవాడి మీద లేని నింద పడదు, పక్కవాడికి ఉన్న నష్టం పోదు.

నడిమి గోడనే తీసి కొత్తది కట్టాలంటే ముద్ర పత్రం మీద ఒప్పందం రాసుకోవాలి. కొత్త గోడ ఎవరి స్థలంలో ఎంత మందం, ఖర్చు ఎవరెంత, రెండోవారి దూలాలని పని జరిగేటప్పుడు దేని మీద నిలబెడతారు, ఎన్ని రోజుల్లో కట్టి అప్పగిస్తారు, పై అంతస్తుకి ఆ గోడని వాడుకోవచ్చా, ఇవన్నీ అందులో ఉండాలి. గోడ మీద శాశ్వతమైన హక్కు ఇచ్చేటట్టయితే, విలువ 100 రూపాయలు దాటితే, 1908 రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం ఆ పత్రం రిజిస్టరు కావాలి. లేకపోతే రేపు ఆ ఇల్లు కొన్నవాడు మీ ఒప్పందాన్ని కాదనవచ్చు.

అన్నిటికంటే సులువైన దారి మరొకటి ఉంది. స్థలం ఉంటే నడిమి గోడని ముట్టుకోకుండా కాస్త జరిగి సొంత స్తంభాల మీద కట్టుకోవడం. అడుగు నేల పోయిందని బాధపడేవాళ్ళు కోర్టులో గడిచే ఏళ్ళని కూడా లెక్కలో వేసుకోవాలి.

పని నడిచేటప్పుడు

గోడ పొడవునా ఒకేసారి తవ్వకూడదు. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు నింపి, అది గట్టిపడ్డాక మిగతావి తవ్వాలి. గోడ పక్కన జేసీబీ కాకుండా మనుషుల చేత తవ్వించాలి. దూలాలు తీసే ముందే గోడకి ఆసరా కట్టాలి. బయట పడిన ముఖానికి తార్పాలు కప్పి, వీలైనంత త్వరగా పూత వేయించాలి. తవ్వకానికి ఐఎస్ 3764, పడగొట్టడానికి ఐఎస్ 4130 అనే భద్రతా ప్రమాణాలు ఉన్నాయి. మీ ఇంజనీరుకి ఇవి తెలుసునా అని అడగడంలో తప్పు లేదు.

నష్టం జరిగితే

మొదట మనుషులు. గోడ ఒరిగినా, తలుపులు పట్టేసినా, పగులు రోజురోజుకీ పెరుగుతున్నా ఆ గదిలో పడుకోకండి.

తరువాత, అదే రోజు ఫొటోలు, వీడియోలు తీయండి. తీసిన ఫోనుని జాగ్రత్త చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం వాటిని కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి.

పని ఆపి గోడకి ఆసరా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. దాని నకలు టౌన్ పంచాయతీ కార్యనిర్వహణాధికారికి, పల్లె అయితే పంచాయతీకి ఇచ్చి రసీదు తీసుకోండి. కూలే స్థితిలో ఉన్న కట్టడం వల్ల పక్కవాళ్ళకో దారిన పోయేవాళ్ళకో ప్రమాదం ఉంటే నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆర్డీఓకి అర్జీ పెట్టవచ్చు. మనుషుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా పడగొట్టడం, కట్టడం న్యాయ సంహిత 290వ సెక్షను కింద నేరం కూడా. కాని పోలీసు కేసు మీ గోడ కట్టివ్వదు. దాన్ని తగవు పెంచే ఆయుధంగా కాక ప్రమాదం ఆపే చివరి దారిగానే చూడండి.

స్వతంత్ర ఇంజనీరు చేత నష్టం ఎంత, కారణం ఏమిటి, బాగుచేయడానికి ఎంత అవుతుంది అని రాయించుకోండి. మాట కుదరకపోతే మునసబు కోర్టులో దావా వేసి తాత్కాలిక నిషేధం అడగవచ్చు. గుంత పూడ్చకముందే స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కమిషనరుని వేయమని కూడా అప్పుడే కోరాలి. కట్టేవాళ్ళ వైపు నుంచి చూస్తే, తమ మాట వినకుండా ఉత్తర్వు రాకూడదనుకుంటే ముందే కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులు చెల్లుతుంది. నష్టపరిహారపు దావాకి సాధారణంగా 3 ఏళ్ళ గడువు ఉంది గాని, నిషేధం కావలసినవాళ్ళు వారం కూడా ఆగకూడదు. గోడ లేచాక పడగొట్టమని ఉత్తర్వు ఇవ్వడానికి కోర్టులు వెనకాడతాయి.

కోర్టు ఖర్చుకి భయపడేవాళ్ళకి న్యాయ సేవల సంఘం ఉంది. జిల్లా కోర్టు శ్రీవిల్లిపుత్తూరులోనే ఉంది కాబట్టి వత్రాప్ వాళ్ళకి దూరం కాదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఒంటరిగా ఉన్న మన అవ్వలకీ అత్తలకీ ఈ సంగతి చెప్పండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఊరి పెద్దల ముందు చెప్పిన మాట రేపు మారవచ్చు, ఇది మారదు. అందుకని పెద్దల దగ్గర కుదిరిన మాటనైనా కాగితం మీద పెట్టి, దావా ఉంటే లోక్ అదాలత్‌లో ముద్ర వేయించుకోవడం మంచిది.

ఈ ఏడాది ఇల్లు కట్టాలనుకుంటున్నవాళ్ళు మేస్త్రికి బయానా ఇచ్చే ముందు రెండు పనులు చేయండి. పెట్టెలో ఉన్న పాగప్పిరివినై పత్రం తీసి గోడ గురించి ఏం రాశారో చదివించుకోండి. తరువాత ఆ పత్రం చేత్తో పట్టుకుని పక్కింటి అరుగు మీద కూర్చోండి.